మీ నాన్న చెప్పమన్న మాట

మాచర్ల నుంచి శ్రీలంక యాత్రకు వచ్చినవాళ్ళు పొలొన్నరువలో బస్సు దిగారు. ఆరుబయట, కొండరాతిలో చెక్కిన పెద్ద బుద్ధుడు ఒక పక్కకి ఒరిగి పడుకుని ఉన్నాడు. ఆ రాతి ముందు, ఒకే ఊళ్ళో పాత పగలున్న రెండు కుటుంబాలవాళ్ళు, ఒక ముసలాయన, ఒక నడివయసు మనిషి, చెప్పులు విడిచి నిలబడ్డారు.

"నిద్రపోతున్నాడా, అబ్బాయ్?"

"ఇన్నేళ్ళకి నాతో మాట్లాడావు బాబాయ్. నిద్ర కాదంట, ప్రాణం పోయే గడియంట."

"మొహం ఎంత నెమ్మదిగా ఉందో చూడు. పోయేటప్పుడు మీ నాన్న మొహం కూడా అట్నే ఉంది."

"నువ్వెప్పుడు చూశావ్? ఆయన పొలంలో ఒక్కడే పోయాడన్నారుగా."

"కొట్టింది మావోళ్ళే. వాళ్ళు ఎల్లిపోయాక తల నా ఒళ్ళో పెట్టుకున్నా. 'పగ ఇంతటితో ఆపమని మావాడికి చెప్పు' అన్నాడు."

"మరి చెప్పలేదేంది?"

"మావోళ్ళకి భయపడ్డా."

నడివయసు మనిషి బుద్ధుడి మొహం వైపు తిరిగాడు.

"పది రోజులు తిరక్కుండానే మీ తమ్ముణ్ణి నరికా బాబాయ్. పద్నాలుగేళ్ళు జైల్లో ఉన్నా. ఆ మాట అప్పుడే నాకు చేరుంటే మీ తమ్ముడు బతికుండేవాడు."

"తెలుసు అబ్బాయ్. వాణ్ణి నువ్వొక్కడివే చంపలేదు. ఆ సంగతి చెప్పడానికే నీ ఎనకాల ఇంత దూరం వచ్చా."