జంపఖానా మీద సచ్చిన రౌడీ

"తాతా, ఇగో ఫోన్ల జూడు. ఈ సినిమాల సచ్చేటోడు నువ్వేనా?"

ఏదీ, అద్దాలియ్యి బిడ్డా... ఓరి దేవుడా, ఎవడు పెట్టిండే దీన్ని ఫోన్ల! నేనే. ఆ మీసం ఒక్కదిక్కు ఊడి ఏలాడుతాంది సూడు, వాడే మీ తాత.

సినిమా అంటే టాకీస్‌ల ఆడేది కాదే. మన కొత్తవాడల పెండ్లిళ్ల క్యాసెట్లు తీసే సారయ్య ఉండె. మూఢం వచ్చి పెండ్లిళ్లు బందైనయి. కెమెరా ఊకెనే ఉన్నది గదా అని ఫైటింగ్ సినిమా తీసిండు, సీదా క్యాసెట్ల దుకాణానికే. హీరో ఆయన బామ్మర్ది. రౌడీలం నేను, పంచర్ల యాకూబు, గంతే. సచ్చుడు, అంగి మార్చుడు, మల్ల వచ్చి సచ్చుడు. నేను సచ్చినప్పుడల్లా తామరపువ్వు విచ్చుకుంటది, సూసినవా? పెండ్లి క్యాసెట్ల పిల్లా పిలగాని మీద ఏస్తరే, గదే పువ్వు. ఆయనకు అదొక్కటే వచ్చు మరి.

గోడ మీదికెళ్లి దుంకి సావాలె. పరుపులు యాడియి? నేను నేసిన జంపఖానాలే తెచ్చి పరిచిన. అవి కనవడొద్దని సారయ్య, కనవడాలెనని నేను. ఎర్రంచు అంత మంచిగ వచ్చింది, దాసిపెడితే పానం ఒప్పుతదా?

ఏం చెప్తాన... ఆఁ, అప్పుడే మీ నాయనమ్మ సంబంధం మాట్లాడుతాండ్రు. నల్లా కాడ జూసి మనసు పడ్డ పిల్ల. మా మామ గూడ నేతగాడే, మాట తక్కువ మనిషి. 'నీ అల్లుడయ్యేటోడు రౌడీ యేషాలేస్తాండు' అని ఎవడో శెవుల ఊదిండు. ఆయన క్యాసెట్ తెప్పిచ్చి, నన్ను గూడ పిలిచిండు. నేనేమో యాక్టింగ్ జూసి మురుస్తడనుకొని, కొత్తంగి తొడుక్కొని, సెంటు గొట్టుకొని పోయిన.

టీవీల తెల్లంగితోని సచ్చిన. మామ మొఖం మాడింది. పచ్చంగితోని సచ్చిన. "వీనికి పిల్లనియ్య" అని లేసిండు. ఈసారి నిజంగనే నా పానం పోయింది, పువ్వొక్కటే తక్కువ.

లోపట్నించి మీ నాయనమ్మ కిసుక్కున నవ్వింది. "బాపూ, ఆ పీన్గ చెయ్యి సూడు!"

రివైండ్ చేసిండ్రు. దుంకిన, కండ్లు మూసిన, నాలిక బయట వెట్టిన. పక్కన జంపఖానా ముడుత వడ్డది. సచ్చినోడు సచ్చినట్టుండాలె గదా! నా చెయ్యి మెల్లగ పోయి, ముడుత సాపు జేసి, అంచు సక్కగ గుంజి, మల్ల వచ్చి సచ్చింది. నీ తోడు, నాకే ఎరుకలేదు.

మామ టీవీ దగ్గరికి జరిగిండు. "ఆ అంచు నువ్వే నేసినవా?"

"అవ్ మామా."

మామ మల్ల సల్లగ కూసొని, లోపటికి జూసి, "అల్లునికి చాయ్ తేండ్రి" అన్నడు.

నవ్వు బిడ్డా, నవ్వు. నీ సదువు మంచిగ సాగాలె, నువ్వు గిట్లనే నవ్వుకుంట సల్లగుండాలె... ఆఁ, జర లెవ్వు. నువ్వు కూసున్న కాడ ముడుత వడ్డది...