అంచు మీద అక్షరాలు లేని డాలరు

అధ్యక్షులు లోవెల్ గారికి, ముందు వరుసలోని పెద్దలకు, ఇంత మంచులో టూ హార్బర్స్ ఊరి నుంచి కారు నడుపుకుంటూ వచ్చిన స్నేహితులకు, చర్చి వంటగదిలో కాఫీ కాస్తున్న ఆడవాళ్ళకు నమస్కారాలు. స్కూలు బస్సు నడిపిన మార్లిస్‌ని, ఇరవై రెండేళ్ళు ఈ నాణేల సంఘానికి కార్యదర్శిగా సమావేశాల మినిట్స్ రాశాను. ఈ జ్ఞాపిక ఇస్తూ నా గురించి మీరు చెప్పిన మంచిమాటల్లో సగం ఒప్పుకుంటాను. (నవ్వులు) మిగతా సగం ఎందుకు అబద్ధమో విన్నాక నవ్వండి, చూద్దాం.

కిందటి అక్టోబరు ప్రదర్శనలో, తన భర్త ఆర్విల్ పోయిన రెండో నెలలో, ఆర్డిస్ అనే పెద్దావిడ చేతిరుమాల్లో అమెరికా అధ్యక్షుడి బొమ్మ ఉన్న డాలరు నాణెమొకటి కట్టుకుని మన బల్ల దగ్గరికి వచ్చింది. "మా ఆయన ఇది మంచిదనేవాడు, చూస్తారా?" అంది. చూసినవాడు మన ఉపాధ్యక్షుడు వెర్లిన్. "కోట్లలో కొట్టారమ్మా వీటిని, డాలరుకు డాలరే. ఇంతదూరం వచ్చారు గనక ఐదిస్తాను" అన్నాడు. "అయ్యో, నాలుగు ఎక్కువిస్తున్నారే!" అని ఆవిడ దణ్ణం పెట్టినంత పని చేసింది.

కొత్తగా చేరినవాళ్ళకు మనమే కదా పాఠం చెబుతాం! కొత్త డాలరుకు వయసు విలువ తేదు. గీతలు పడకుండా, టంకశాల తళుకు పోకుండా ఉందా, ఎవడైనా తోమి పాడు చేశాడా, అలాంటివి ఎన్ని మిగిలాయి, టంకశాలలోనే ఏదైనా తప్పు జరిగిందా అని చూడాలి. ఆ డాలరు అంచు మీద సంవత్సరమూ నినాదమూ చెక్కి ఉండాలి. ఆర్విల్ డాలరు అంచు నున్నగా ఉంది, అంటే టంకశాల తప్పు, అరుదైన నాణెం. వెర్లిన్ దాన్ని బొటనవేలితో చుట్టూ తడిమి మరీ "డాలరే" అన్నాడు. తలుపు వైపు చూడకు వెర్లిన్, కూర్చో!

దాన్ని పరీక్షకు పంపి, ప్లాస్టిక్ పెట్టెలో సీలు వేయించి, కొన్ని వందల డాలర్లకు అమ్మాడు. కమిటీలో నేను అడిగితే, "నలభై ఏళ్ళు చదివాను మార్లిస్, నా చదువుకి ధర లేదా?" అన్నాడు. "ఉంటే చదువు అమ్ముకో. నమ్మి అడిగినావిడకి అబద్ధం చెప్పి ఆవిడ వస్తువు కొట్టేయకు" అన్నాను. లోవెల్ గారు ఇది మినిట్స్‌లో వద్దన్నారు. రాశాను. రాసింది కొట్టెయ్యమని పదకొండు చేతులు లేచాయి. ఆ చేతులే ఇప్పుడు చప్పట్లు కొట్టాయి.

అసలు కోపం నా మీద. (ఆగి) ఆ రోజు నేను రెండు కుర్చీల అవతలే ఉన్నాను. అంచు చూశాను. నోరు తెరిచాను. వెర్లిన్ నావైపు చూశాడు. నోరు మూసుకుని రశీదు రాశాను.

మొన్న ఆర్డిస్ ఇంటికెళ్ళి అంతా చెప్పాను. "మీకు అప్పుడే తెలుసా?" అంది. తెలుసన్నాను. "డబ్బు పోతే పోయింది. ఆ సాయంత్రం ఇంటికొచ్చి ఆయన ఫోటో ముందు నిలబడి, 'నీ నిధి ఒట్టి డాలరేనయ్యా, వెర్రి మనిషీ' అని నవ్వాను. ఆ నవ్వు ఎలా వెనక్కి తీసుకోను?" అంది.

ఈ జ్ఞాపిక బల్ల మీదే వదిలేస్తున్నాను. శనివారాలు లైబ్రరీలో కూర్చుంటాను. ఎవరి నాణెమైనా చూసి ఉన్న విలువ చెబుతాను, ఒక్కటీ కొనను. వెర్లిన్, ఆవిడ నీ దగ్గర కోరేది ఒక్కటే: గడప దాటి లోపలికొచ్చి, ఆ ఫోటో ముందు, ఆర్విల్ చెప్పింది నిజమని చెప్పడం. పది నిమిషాల దారి. నేనక్కడికే వెళ్తున్నాను, నా కారులో ఒక సీటు ఖాళీ ఉంది.

విన్నందుకు కృతజ్ఞతలు. ఈ సంఘానికీ నాకూ ఇంతటితో సెలవు.