బల్ల మీంచి లేచిన ఆడబిడ్డ

పొద్దున తొమ్మిదైంది. ముసురు పట్టి మూడో రోజు. మా ఆడబిడ్డ బంగారమ్మ కుచ్చిళ్ళు ఎత్తి దోపుకుని మా గుమ్మం ముందు నిలబడింది. మా ఆయనకి అక్క, నాకు వదిన. లోపలికి రమ్మంటే రాలేదు. మన పడవెక్కి అవతలికి వెళ్ళొచ్చుగా వదినా అన్నాను. ఎక్కనమ్మా, ఇవాళ ఆ పడవ మీదే విచారణ, ఆనకట్ట మీంచి నడిచి పోతా అంది. అప్పుడు నేనేం చేశానంటే, ఆవిడ చేతులు పట్టుకున్నాను. మీ తమ్ముడికి ఆ పడవ తప్ప ఏముంది వదినా, ఒక్క మాట మనవైపు వెయ్యి అన్నాను. చేతులు విడిపించుకుని, పిల్లలు బడికెళ్ళారా అని అడిగింది. వెళ్ళారు, మన పడవ మీదే అన్నాను. ఆనకట్ట వైపు వెళ్ళిపోయింది.

విచారణ సంగతి మీకు చెప్పాలి కదా. మా పేట ఏటికి ఇవతల, ఊరు అవతల. రెండూ ఒకే మునిసిపాలిటీ. ఆ మునిసిపాలిటీ వాళ్ళు తప్పు చేస్తే అడిగేందుకు ముగ్గురిని ఒక బల్ల మీద కూర్చోబెట్టారు. ధర్మబల్ల అంటాం మేం. చైర్మన్ గారి చేతికింద వాళ్ళు కాదు, ఆఫీసు జీతగాళ్ళు కాదు. చైర్మన్ అయినా ఆ బల్ల ముందు నిలబడాల్సిందే అనుకోండి. పోస్టుమాస్టరు చేసి దిగిపోయిన శరభయ్య గారు, దర్జీ మస్తాను, మూడో మనిషి మా వదిన. చేపల బజార్లో ముప్పై ఏళ్ళు కూర్చుని తూకం దగ్గర ఒక్కరితో మాట పడలేదు, అందుకని పిలిచి మరీ పెట్టారు.

ఇక పడవ. మా ఆయన పేట జనాన్ని ఏరు దాటించేది దాని మీదే. ఏటా వానలు ముదిరే ముందు ఇంజినీరు గారొచ్చి, పడవ అడుగు చెక్కలు గుచ్చి చూసి, కాయితం మీద సంతకం పెట్టాలి. ఆ ఏడు ఏమైందంటే, ఆయన వచ్చిన రోజే మా ఆయన వల్లో పులస పడింది. పులుసు పెట్టింది నేనే, దాచడమెందుకు. బెండకాయలేసి, పైన ఆవకాయ నూనె. ఇంజినీరు గారు రెండుసార్లు అన్నం కలుపుకున్నారు. చెయ్యి కడుక్కుని, పడవేదీ అన్నారు. అదిగోనండి అని మా ఆయన అరుగు మీంచే చూపించాడు. సంతకం అయిపోయింది. తర్వాత కొన్నాళ్ళకి పూలమ్మే గవరమ్మ, పడవలో తన బుట్ట అడుగు తడుస్తోందని ధర్మబల్లకి అర్జీ పెట్టింది. పూలు తడిస్తే మంచిదేగా ముసల్దానికి, నీళ్ళు చల్లే పని తప్పింది అని మా ఆయన నవ్వాడు. నేనూ నవ్వాను.

విచారణ దగ్గర జరిగింది నేను చూళ్ళేదు, మస్తాను చెప్పిందే చెప్తున్నా. ఇంజినీరు గారు గుండెల మీద చెయ్యేసుకుని, పడవ చూశానండీ అన్నాడంట. ఆఫీసరు మాట కొట్టెయ్యలేం అన్నాడంట శరభయ్య గారు. ముసలమ్మ మాట మాత్రం కొట్టేస్తామా అన్నాడంట మస్తాను. ఇద్దరూ మా వదిన వైపు తిరిగారంట. ఆవిడ లేచి నిలబడి, ఇది నా తమ్ముడి పడవ, తనవాళ్ళ సంగతొస్తే బల్ల మీద కూర్చోకూడదని మనమే రాసుకున్నాం అని దిగిపోయిందంట. పద్ధతంటే అదీ అని, చూడ్డానికొచ్చిన చైర్మన్ గారు మెచ్చుకున్నాడంట కూడానూ. బయటికి పోతుందనుకున్నారు. పోలేదంట. వచ్చి గవరమ్మ పక్కన నేల మీద కూర్చుని, ఇప్పుడు నేను తీర్పు చెప్పేదాన్ని కాను, పేటలో మనిషిని, సాక్ష్యం చెప్పొచ్చా అందంట. చెప్పమ్మా అన్నారు. ఇంజినీరు గారు చూసింది పడవని కాదయ్యా, పులసని. పక్కన కూర్చుని నేనూ తిన్నా. తల ముక్క ఆయనకి, తోక ముక్క నాకు. అప్పుడే అడగాల్సింది, ముళ్ళు తీసుకుంటూ ఊరుకున్నా. నా తప్పు కూడా రాసుకోండి అందంట. అందరూ నవ్వారంట. ఇంజినీరు గారు నవ్వలేదు. శరభయ్య గారు కళ్ళజోడు తుడుచుకుని, చెక్కలు చూసేదాకా పడవ కదలకూడదని రాశాడంట.

మస్తాను ఫోన్ చేసేసరికి పన్నెండు దాటింది. మా ఆయన మొహం నల్లబడిపోయింది. సొంత అక్కే నా కడుపు మీద కొట్టిందే అన్నాడు. మూడింటి దాకా అరుగు మీద కూర్చుని, ఉన్నట్టుండి లేచి గెడ అందుకున్నాడు. నా పిల్లల్ని నా పడవ మీదే తెస్తా, ఎవడు ఆపుతాడో చూస్తా అన్నాడు. అడ్డం నిలబడ్డాను. జరుగు మంగా అన్నాడు. జరిగాను. ఏరు ఎర్రగా ఉంది. రేవులో నిలబడి చూస్తున్నా. నడి ఏట్లో పడవ పక్కకి తిరిగింది. ఆయన వంగి డబ్బాతో నీళ్ళు తోడుతున్నాడు. తోడుతున్నాడు, తోడుతున్నాడు. వాన అడ్డం వచ్చింది. వాన తగ్గాక చూస్తే ఏట్లో ఏమీ లేదు.

అరిచానో లేదో తెలీదు. పేట మగాళ్ళు గట్టెంట పరిగెత్తారు. నేను కదల్లేదు. చీకటి పడబోతుంటే ఆనకట్ట వైపు నించి పిల్లల గోల. మా వదిన బడి దగ్గరికి పోయి, మా పిల్లలిద్దర్నే కాదు, పేట పిల్లలందర్నీ వరసలో పెట్టి నడిపించుకొస్తోంది. నన్ను చూసి, వాడేడే అంది. ఏటి వైపు చూపించాను. ఆవిడ ఆ బురదలోనే కూలబడింది. నేను పోయి పక్కన కూర్చున్నాను. తిట్టాలనుకున్నదాన్ని, ఆవిడ తల నా ఒళ్ళో పెట్టుకున్నాను.

ఏమైందంటే, దిగువన తుంగ దుబ్బులు పట్టుకుని వేలాడాడంట. మగాళ్ళు చెరో రెక్కా పట్టుకుని తీసుకొచ్చారు. ఒంటి మీద చొక్కా లేదు. వచ్చి వాళ్ళక్క ముందు నిలబడి, చెక్కలు చూడక్కర్లేదని మీ బల్లకి చెప్పక్కా, ఇక లేవు అన్నాడు. ఆవిడ లేచి వీపు మీద ఒక్కటిచ్చింది. ఇచ్చి, కొంగుతో వాడి తల తుడిచింది. తుడుస్తూనే ఉంది.

ధర్మబల్ల గొప్పదా అని అడిగితే నాకేం తెలుసు, పులుసు పెట్టినదాన్ని. ఆ సాయంత్రం మాత్రం వేలు పెట్టి చూపిస్తూ లెక్కపెట్టాను. పేట పిల్లలు ఇరవై ముగ్గురు. అందులో మా లోవ, మా బుల్లియ్య. మా ఆయన. మా వదిన. తప్పాననుకుని మళ్ళీ మొదట్నించీ లెక్కపెట్టాను. అందరూ ఉన్నారు.