కోపిష్టి కస్టమర్

యూనివర్సిటీలో ప్రొఫెషనల్ ఇంగ్లీషు మౌఖిక పరీక్షలు అప్పుడే ముగిశాయి. అందరూ వెళ్ళిపోయాక మేడమ్, పరీక్షలో మూగనోము పట్టిన కుర్రాణ్ణి తన గదిలో ఎదురుగా కూర్చోబెట్టుకుంది.

"నాకు అర్థం కానిది అదేనయ్యా. మిగతావాళ్ళు తడబడ్డారు, చెమటలు తుడుచుకున్నారు, అయినా ఏదో ఒకటి వాగి బయటపడ్డారు. నిన్నేమో క్లాసంతా రేడియో అంటుంది. ఇవాళ రేడియోకి ఏమొచ్చింది?"

"ఏం లేదు మేడమ్."

"ఏం లేకపోతే నోరెందుకు పెగల్లేదు?"

"గొంతు... గొంతు పట్టేసింది మేడమ్."

"ఇప్పుడు బాగానే ఉందిగా?"

"ఇప్పుడు కొంచెం నయం."

"కూర్చో. ఎందుకలా లేస్తావ్? ఇందాకట్నుంచీ ఆ కుర్చీలో ముళ్ళున్నట్టు ఒకటే కదులుతున్నావు."

"క్యాంటీన్లో మావాళ్ళు చూస్తుంటారు మేడమ్, నా కోసం."

"చూడనీ. ముందు నా మాట విను. కాసేపట్లో మార్కులు పంపించెయ్యాలి నేను. ఇది పోతే, రేపు కంపెనీలు వచ్చినప్పుడు నిన్ను ఇంటర్వ్యూ గది గుమ్మం కూడా తొక్కనివ్వరు. కోడింగులో నువ్వెంత పోటుగాడివైతే ఏం లాభం? తెలుసా ఆ సంగతి?"

"తెలుసు మేడమ్."

"తెలిసీ?"

"వచ్చే టర్మ్‌లో మళ్ళీ రాసుకుంటాను."

"రాసుకోడానికేముంది ఇందులో? మాట్లాడాలి! నేనిచ్చింది ఏమన్నా బ్రహ్మవిద్యా? కస్టమర్‌కి కోపం వచ్చి ఫోన్ చేసింది. సిస్టమ్ పనిచెయ్యట్లేదంది. నువ్వు కంపెనీ మనిషివి, ఆవిణ్ణి చల్లబరచాలి. టర్మంతా మనం చేసింది అదేగా?"

"అదే మేడమ్."

"మరి చెప్పు, ముందు ఏం చెయ్యాలి?"

"ముందు సారీ చెప్పాలి. తర్వాత ఆవిడకొచ్చిన ఇబ్బందిని ఆవిడ మాటల్లోనే తిరిగి చెప్పాలి, విన్నామని తెలియడానికి. ఆ తర్వాత మనం చెయ్యగలిగింది చెప్పాలి. చెయ్యలేనిది చేస్తామనకూడదు."

"చూశావా! అన్నీ నోటికొచ్చు. సరే, రూలు ప్రకారం ఇవ్వకూడదు, అయినా ఇంకో అవకాశం ఇస్తున్నాను. నేనే కస్టమర్ని."

"వద్దు మేడమ్."

"వద్దంటే ఎలా? కానియ్యి. హలో! హలో, ఈజ్ ఎనీబడీ దేర్? ఐ హావ్ బీన్ కాలింగ్ యూ పీపుల్ సిన్స్ మార్నింగ్!"

"..."

"ఆర్ యూ లిజనింగ్ టు మీ?"

"..."

"ఇదిగో, మళ్ళీ అదే వరస! ఏమిట్రా ఇది?"

"ఏం లేదు మేడమ్. ఏం లేదు."

"ముందు ఈ మంచినీళ్ళు తాగు. మెల్లగా."

"మేడమ్, లోపలికి రావచ్చా? మార్కులు ఏమయ్యాయని ఆఫీసువాళ్ళు అడుగుతున్నారు."

"రామ్మా, క్లాస్ లీడరూ, వేళకే వచ్చావు. నువ్వొక పని చెయ్యి. వీడి మీద అరువు."

"ఎందుకు మేడమ్? ఏం చేశాడు?"

"ఏం చెయ్యలేదు, అదే బాధ. నువ్వు కోపిష్టి కస్టమర్‌వి. ఇంగ్లీషులో దులిపెయ్యి."

"ఉన్నపళంగా కోపం రమ్మంటే ఎలా మేడమ్... సరే. హలో మిస్టర్! వాట్ నాన్సెన్స్ ఈజ్ దిస్? జీతాల పేరోల్ మొత్తం ఆగిపోయింది ఇక్కడ! ఐ వాంట్ యువర్ మేనేజర్, రైట్ నౌ!"

"ఐ యామ్ వెరీ సారీ, మేడమ్. సో, యువర్ పేరోల్ హాజ్ స్టాప్డ్, అండ్ యువర్ స్టాఫ్ ఆర్ వెయిటింగ్. ఈజ్ దట్ రైట్? ప్లీజ్ స్టే విత్ మీ. ఐ విల్ చెక్ ఇట్ నౌ, అండ్ ఐ విల్ నాట్ కట్ ది కాల్."

"అమ్మో! నాకు లేని కోపం కూడా దిగిపోయింది మేడమ్! వీడికి కళ్ళు మూసుకుని ఫుల్ మార్కులు వేసెయ్యండి. ఇంతకీ ఎందుకు చేయించారిది?"

"ఊరికేలే. ఆఫీసువాళ్ళకి చెప్పు, వస్తున్నాయని. ఆ తలుపు వేసి వెళ్ళమ్మా."

"సరే మేడమ్. ఒరేయ్ రేడియో, కిందే ఉంటాం, తొందరగా రా."

"వెళ్ళింది. ఇప్పుడు చెప్పు. ఆ పిల్లతో అయితే గడగడా మాట్లాడావు. నాతో అయితే ఏమైంది? నేనేమన్నా పులినా?"

"కాదు మేడమ్."

"నా మీద కోపమా?"

"అయ్యో, ఎంత మాట!"

"మరేంటి?"

"మీరు... మీరు చాలా బాగా అరుస్తారు మేడమ్."

"ఏంటీ?"

"అంటే, నటన. అచ్చం నిజంలా ఉంటుంది."

"ఇది పొగడ్తో ఎత్తిపొడుపో తెలీకుండా ఉంది. ఉండు ఉండు. నువ్వు సాయంత్రాలు ఏదో హెల్ప్‌లైన్లో చేస్తున్నావు కదూ? రోజూ ఇలాంటి కేకలు వినేవాడివే కదా?"

"మానేశాను మేడమ్."

"మానేశావా, మాన్పించారా?"

"రెండూ ఒకటేగా."

"ఒకటెలా అవుతుంది? ఇంగ్లీషులో రెండిటికీ వేరే వేరే మాటలున్నాయని నేనే చెప్పాను."

"...మాన్పించారు."

"ఇంట్లో తెలుసా?"

"తెలీదు. అమ్మ ఇంకా ఫోన్లో, ఆ డిప్పలు తగిలించుకుని చెవులు పాడుచేసుకోకురా నాన్నా అంటూనే ఉంది. సరేనమ్మా అంటున్నాను."

"ఎందుకు మాన్పించారు?"

"ఒక కస్టమర్ కంప్లయింట్ ఇచ్చారు. వదిలెయ్యండి మేడమ్, అయిపోయిందిగా."

"ఎక్కడయింది? అది లోపల పెట్టుకునేగా ఇవాళ నా ముందు రాయిలా కూర్చున్నావు! ఏం తప్పు చేశావు?"

"ఆవిడ ఇంట్లో నెట్ పోయింది. నేను సాయంత్రం డ్యూటీ ఎక్కగానే మొదటి కాల్ అదే. అప్పటికే చాలాసార్లు చేశారట, ఎవరూ సరిగ్గా పలకలేదట. ఆవిడకేదో ముఖ్యమైన పని ఉంది, నెట్ లేక చెడిపోయింది. ఎవరికైనా కోపం రాదా మేడమ్?"

"వస్తే? అవతల ఉన్నది మనిషి అని ఉండక్కర్లా? ఇలాంటివాళ్ళని చూస్తేనే నాకు ఒళ్ళు మంట. చదువుకున్నదేనా?"

"చాలా చదువుకున్నారు మేడమ్."

"ఇంకేం, మరీ అన్యాయం. నువ్వేమో ఆవిడ తరఫున వకాల్తా పుచ్చుకుంటున్నావు! నేనే నీ పక్కన ఉంటే ఫోన్ లాక్కుని ఆవిడకి గడ్డి పెట్టేదాన్ని."

"అలా అనకండి మేడమ్."

"ఎందుకనకూడదు? సరే, ఆవిడ అరిచింది. నువ్వేం చేశావు?"

"క్లాసులో నేర్చుకున్నవే చేశాను. సారీ చెప్పాను. ఆవిడ మాటల్నే తిరిగి చెప్పాను. దాంతో ఇంకా మండిపోయారు. చిలకలా అప్పజెప్పకు, అన్నారు."

"చిలకలా?"

"ఆఁ."

"...ఆ మాట అందరూ అంటార్లే. ఆ కిటికీ కొంచెం తియ్యి, ఉక్కగా ఉంది."

"తీసే ఉంది మేడమ్."

"ఉందా? సరే. ఏ కంపెనీ అన్నావు నువ్వు?"

"అనలేదు మేడమ్."

"పోనీలే. నీ పేరు చెప్పావా ఆవిడకి?"

"అక్కడ మాకు వేరే పేర్లు పెడతారు. గొంతు కూడా బరువుగా, నిదానంగా పెట్టమంటారు. మా అమ్మ ఫోన్ చేసినా పోల్చుకోలేదు."

"అంతేలే. అవతలివాళ్ళకి ఎలా తెలుస్తుంది, ఎవరైందీ... ఊఁ, తర్వాత?"

"తర్వాత ఒక ప్రశ్న అడిగారు. దానికి నేను జవాబు చెప్పలేదు. చెప్పు చెప్పు అని గుచ్చి గుచ్చి అడిగారు. నేను నోరు విప్పలేదు. చివరికి ఆవిడే పెట్టేశారు. అక్కడ తిరిగి తిట్టినా ఒకసారి క్షమిస్తారేమోగానీ, లైన్లో ఉలుకూ పలుకూ లేకుండా ఉంటే క్షమించరు. రికార్డింగ్ వినిపించి, కస్టమర్ని అవమానించావన్నారు. హెడ్‌సెట్ టేబుల్ మీద పెట్టి వెళ్ళమన్నారు."

"జవాబు తెలీక ఊరుకున్నావా?"

"తెలుసు మేడమ్."

"తెలిసీ ఊరుకున్నావు. ఇవాళ్టిలాగే."

"ఇవాళ్టిలాగే."

"ఏమడిగిందిరా అంత చెప్పరానిది? తిట్టిందా? ఇంట్లోవాళ్ళని అందా?"

"ఛ ఛ, అలాంటిదేం కాదు."

"మరి చెప్పు."

"మీరు మార్కులు పంపించాలన్నారు మేడమ్. ఆఫీసువాళ్ళు..."

"ఆఫీసువాళ్ళ సంగతి నేను చూసుకుంటా. నువ్వు కూర్చో. కూర్చోమంటున్నానా? నీకు ఈ పరీక్ష పోవడానికి వీల్లేదు. రేపు ఇంటర్వ్యూలో ఇంకెవరో గట్టిగా మాట్లాడితే అక్కడా ఇలాగే బిగుసుకుపోతావా? ఉద్యోగమంతా ఇలాంటి మనుషులతోనే. ఆ ప్రశ్నేదో ఇక్కడే కక్కెయ్యి, ఇద్దరం కూర్చుని జవాబు తయారుచేద్దాం."

"దానికి జవాబు ఒక్క మాటే మేడమ్. తయారుచెయ్యక్కర్లేదు."

"అయితే ఆ ప్రశ్న చెప్పు."

"నీకు ఇంగ్లీషు నేర్పిన మహానుభావులెవరయ్యా, ముందు ఆ పేరు చెప్పు, అని."

"ఓస్, అంతేనా! నా పేరు చెప్పి పారెయ్యకపోయావా?"

"లేదు మేడమ్."

"ఏం, నామోషీ అయిందా నా పేరు చెప్పుకోడానికి?"

"అది కాదు మేడమ్."

"నా మీదికి రానివ్వకూడదనుకున్నావా? పిచ్చివాడా, రెండు తిట్లు పడితే నేనేమన్నా అరిగిపోతానా? ఒక్క పేరు చెప్పేస్తే నీ ఉద్యోగం నీకుండేది కదరా! ఏమడ్డొచ్చింది నీకు?"

"..."

"మళ్ళీ అదే మౌనం! చెప్పు, ఏమడ్డొచ్చింది?"

"మీ పేరు మీకే ఎలా చెప్పను, మేడమ్?"