పుర్రె గిటారుకు కొత్తబట్ట

ఏవిటే మనోజ్ఞా, గిటారంటే ఈ వంశంలో నీకొక్కదానికే తెలిసినట్టు మాట్లాడతావు? నువ్వింకా పాకుతున్నప్పుడే ఈ హాల్లో గిటారుకి చీర కట్టాం, తెలుసా? మనం ఈ ఎడారి దేశంలో అబూ హమూర్‌కి వచ్చిన కొత్తల్లో పక్క ఫ్లాటులో జలంధర్ అని ఒకడుండేవాడు. జగిత్యాల వైపు వాడు, రాస్ లఫాన్ గ్యాసు ప్లాంటులో షిఫ్టు డ్యూటీ. మనిషి తాటిచెట్టంత, గొంతు ఆ చెట్టు మీద పడ్డ పిడుగంత. వాడు గుమ్మంలో నిలబడి 'పెద్దమ్మా' అని పిలిస్తే నా పోపులడబ్బాలో ఆవాలు ఎగిరిపడేవి. నవ్వకు, ఆ ఆవాలు నేను ఇప్పటికీ సోఫా కిందనుంచి ఊడుస్తున్నాను.

సరే, వాడికో పిచ్చి, కరెంటు గిటారు వాయించాలని. తన దేశం వెళ్ళిపోతున్న ఓ ఫిలిప్పీన్సు కుర్రాడి దగ్గర పాతది కొనుక్కొచ్చాడు. వాయిద్యం బంగారమే కానీ దాని పొట్ట మీద పుర్రె బొమ్మ. మామూలు పుర్రె కాదమ్మా, కళ్ళల్లో నిప్పులు, నోట్లోంచి పాము. దాన్ని చూసి మన వాచ్‌మన్ జ్వరం తెచ్చుకున్నాడు. అదే సమయానికి జలంధర్ భార్య విజయరాణి నిండు చూలాలు, తొలి కాన్పు. ఆ పిల్ల నోరు మెదపదు, మెదిపిందా కత్తిపీటే. "కడుపుతోని ఉన్నదాని కండ్లముందు పుర్రె పెడ్తవా? ఇంట్ల అదన్నా ఉండాలె, నేనన్నా ఉండాలె" అని తలుపేసుకుంది.

పాపం, వాడు దాన్ని కారు డిక్కీలో దాచాడు. జూన్ నెల. ఇక్కడి జూన్ సంగతి నీకు చెప్పాలా, కారు మీద అట్టు పోస్తే తిరగేసేలోపు మాడిపోతుంది, నేను పోసి చూశాను. ఆ డిక్కీలో ఇంకొన్నాళ్ళుంటే కర్ర వంగిపోయి, జిగురు కరిగి, గిటారు కాస్తా పొయ్యిలోకి పనికొచ్చేది. పారెయ్యడానికి వాడికి చేతులు రావు, పెళ్ళాన్ని కాదనడానికి నోరు రాదు. డ్యూటీ నుంచి వచ్చి నేరుగా డిక్కీ తెరిచి, దాన్ని తడిమి, మళ్ళీ మూసేవాడు. చంటిపిల్లని జైల్లో పెట్టినట్టు మొహం.

నేనే మన హాల్లోకి తెమ్మన్నాను. తీగలు విప్పాడు, మెడ ఊడదీశాడు, మీటలు, వైర్లు అన్నీ పీకి నా ఇడ్లీ రేకుల్లో సర్దాడు. గరుకు కాగితం పెట్టి రుద్దాడమ్మా, రుద్దాడు, ఆ పొడికి మీ తాతయ్య తుమ్మిన తుమ్ములకి కింది ఫ్లాటువాళ్ళు భూకంపమని రోడ్డెక్కారు. అయినా పుర్రె పోదే. పైరంగు పోయేసరికి ఇంకా చిక్కిపోయి, నిజం దెయ్యంలా తయారైంది. "గీకింది చాల్లేరా, బట్ట వేసి మూసెయ్" అన్నాను. కర్టెన్లకని దాచుకున్న పెడన కలంకారీ ఇచ్చాను, ఎర్రటి నేల మీద చిలకలూ తీగలూ. గంజి పెట్టి ఇస్త్రీ చేశా, కత్తిరిస్తే పోగు లేవకూడదుగా. ఫెవికాల్‌లో నీళ్ళు కలిపి పూసి, ముందొక ముక్క, వెనకొక ముక్క లాగి అంటించాడు. ఆ నడుం వంపుల దగ్గర బట్ట ముడతలు పడకుండా చిన్న చిన్న గాట్లు పెట్టాలి, బాగా బొద్దుగా ఉన్నమ్మాయికి జాకెట్టు కుట్టినట్టే. అతుకు కనబడకుండా చుట్టూ నా పాత చీర అంచు. ఆహా, పెళ్ళికూతుర్ని చేశామనుకో.

ఇక వార్నిష్ కొట్టాలి. వాడి కంపెనీలో పెయింటరు మొహసిన్ రంగు చిమ్మే మిషను పట్టుకుని మేడ మీదికొచ్చాడు. జలంధర్‌గాడేం చేశాడో తెలుసా? వాళ్ళింట్లో అలవాటు, మనింట్లోనూ ఉందనుకో, కొత్తబట్ట తొడిగేముందు మూలన పసుపు పెట్టడం. మనిషికైనా దిండు గలీబుకైనా సరే. వాడు చెయ్యి ఊరుకోక గిటారు మూలన ఇంత తడి పసుపు అద్దాడు. మొహసిన్‌కి తెలీదు, 'యల్లా, కానిద్దాం' అని కొట్టేశాడు. ఆ వార్నిష్ మందుకి పసుపు కరిగి, చిలకల మీదుగా పాకి, అరచెయ్యంత చుక్క తాంబాళమంతైంది. మొహసిన్ మిషను దించి, "భాయ్, చిలకలకి కామెర్లొచ్చాయి" అన్నాడు. జలంధర్ నవ్వలేదు. తుడిస్తే ఇంకా పాకుతుంది, ఊడదీస్తే పుర్రె బయటికొస్తుంది, మళ్ళీ వెయ్యడానికి గుడ్డ లేదు. ఇక పోయిందనుకుని మెట్ల మీద కూలబడి, ఆరీ ఆరకముందే గరుకు కాగితం చేతిలోకి తీసుకున్నాడు.

అప్పుడు వచ్చింది విజయరాణి, నడుం పట్టుకుని ఒక్కో మెట్టే ఎక్కుతూ. గిటారు చూసింది. వంగి వాసన చూసింది.

"పసుపు ఎవలు పెట్టిండ్రు?"

"నేనే. కొత్తబట్ట గదా. పాడైంది, మొత్తం గీకేస్త."

ఆ పిల్ల మొగుడి వైపు ఒక అడుగు వేసింది. మొహసిన్ మిషను వెనక దాక్కున్నాడు, నేను మొహసిన్ వెనక దాక్కున్నాను. ఆ పిల్ల జలంధర్ చేతిలోంచి ఆ కాగితం లాక్కుంది.

"గీకకు. పసుపు పెట్టినంక అది మనింటిదే. ఎండల ఉంచకు, లోపలికి పట్కరా."

అంతే, గిటారు గృహప్రవేశం. ఇడ్లీ రేకుల్లోవన్నీ మళ్ళీ బిగించాడు, పుట్టిన పాపకి జోల కూడా దానిమీదే. వాడికొచ్చింది ఒకటిన్నర పాట, ఆ అర దగ్గరికొచ్చేసరికి పాప నిద్రపోయేది, బతికిపోయాం. పాప బళ్ళో చేరిన ఏడాదే, డ్యూటీలోనే గుండె ఆగి పోయాడు, పిడుగులాంటి మనిషి, చప్పుడే చెయ్యలేదు. విజయరాణి ఊరెళ్ళిపోయేటప్పుడు మిక్సీ నాకిచ్చేసింది, కుక్కర్లు ఇచ్చేసింది, పట్టుచీరలు కూడా పెట్టెలోంచి తీసేసింది. గిటారుని మాత్రం ఎయిర్‌పోర్టులో సామానుతో వెయ్యమన్నా వెయ్యలేదు. ఒక చేత్తో పాపని, ఒక చేత్తో దాన్ని పట్టుకుని, ఆ పసుపు పాకిన వైపు తన ఒంటికి ఆనించుకుని…

ఏసీ కాస్త తగ్గించవే, కాళ్ళు జిల్లుమంటున్నాయి.