సున్నం వేసిన ఇల్లు

ప్రశాంతంగా ఉందా? ఏం మాటండీ అది! పడవ రాని రేవు ప్రశాంతంగా ఉండక పెళ్ళివారిల్లులా ఉంటుందా?

లేవండి. అయ్యా, పోర్టు ఆఫీసరుగారూ, మిమ్మల్నే! బూట్లు తొడుక్కోండి. ఈ గులకరాళ్ళ మీద వట్టికాళ్ళతో మీరు నడవలేరు, మిమ్మల్ని మోసుకెళ్ళే ఓపిక నాకు లేదు.

నేనా? అర్గిరోని. ఆ మెట్ల మీద చివరిల్లు నాది. పోయిన వారం మీరు పడవల షెడ్డుకి తాళం వేసి సీలు కొడుతుంటే చూస్తూ నిలబడ్డాను, నల్లబట్టల మనిషిని, గుర్తు లేదూ? ఆ షెడ్డు తియ్యాలి. ఇప్పుడే. లోపల పడవల అడుగుకి పూసే తారుంది, పొడుగు నిచ్చెనుంది. రెండూ కావాలి నాకు.

నా ఇంటికి పూయడానికి.

నవ్వకండి! మీకు దణ్ణం పెడతాను, నవ్వకండి. ఎండ తగిలి మతి పోయిందనుకుంటున్నారు కదూ? పోయినా బాగుండేది. మతి ఉండబట్టే కాళ్ళూ చేతులూ ఆడటం లేదు.

సోమవారం దాకా తియ్యకూడదా? డైనమైటు వేసి చేపలు పడుతున్నారని ఎవడో పేరు లేని ఉత్తరం రాస్తే, దానికీ ఇవాళ మనిషి ప్రాణానికీ లంకె పెడతారా? జేబు తడుముకోకండి. తాళంచెవి అందులో లేదు. మీరు కోటు మడిచి తలకింద పెట్టుకుని కునుకు తీస్తున్నప్పుడే తీసేశాను. ఇదిగో, నా చేతిలోనే ఉంది. నలభై రెండేళ్ళొచ్చాక దొంగతనం చేశాను, సోమవారం జైల్లో పెట్టుకోండి.

మరి లేపడం దేనికా? ఆ నిచ్చెన ఒక్క మనిషి ఎత్తేది కాదండీ! షెడ్డు తీసి రెండుసార్లు లాగి చూశాను. పాదం మీద పడింది, చూడండి, గోరు లేచిపోయింది. ఊళ్ళో రెండు చేతులూ రెండు కాళ్ళూ సరిగ్గా ఉన్న మగాడివి నువ్వొక్కడివే.

అయ్యో, నువ్వు అనేశాను. ఏమనుకోకు. ఇవాళ నా నోరు నా మాట వినడం లేదు.

అటు చూడు. ఏం కనిపిస్తోంది? ఎర్రటి మసక. దక్షిణపు గాలి నాయనా ఇది, ఆవలి ఒడ్డున ఉన్న ఎడారి దుమ్మంతా ఎత్తుకొచ్చి మా మీద పోస్తుంది. పొద్దున్నుంచి నోట్లో ఇసక కరకరలాడుతోంది. ఆ మసకలో ఎక్కడో మా సరుకుల పడవ నడిపే పాండెలిస్ ఉన్నాడు. ఈస్టరు పండక్కి గొర్రెపిల్లలూ పిండీ తేవడానికి సోమవారం పెద్ద దీవికి వెళ్ళాడు. శుక్రవారం, అంటే ఇవాళ, పొద్దు వాలకముందే వచ్చేస్తానన్నాడు. అన్నాడంటే వస్తాడు. గాలి చూసి ఆగే రకం కాదు, ఊరందరి పండగ భోజనం ఆయన పడవలోనే ఉంది మరి.

అక్కడ రెండు చోట్ల నురగ లేస్తోందే, చూశావా? అక్కచెల్లెళ్ళంటాం మేము. నీళ్ళ కింద రెండు రాళ్ళు. మధ్య సందు ఒక్క పడవ పట్టేంత. తెడ్ల పడవలకి భయం లేదు, పైనుంచే జారిపోతాయి. పాండెలిస్‌ది పెద్ద పడవ, లోతుగా మునుగుతుంది. ఆ సందులోంచి తప్ప ఇంకో దారి లేదు. సందేమో కంటికి కనపడదు. ఒడ్డు మీద గుర్తు చూసుకుని, గుర్తు మీద గుర్తు కలుపుకుని రావాలి.

ఏం గుర్తా? ఇవాళ మధ్యాహ్నం దాకా నాకేం తెలుసు! అదే కదా నా ఏడుపు!

మా మగాళ్ళు గుర్తులు ఆడవాళ్ళకి చెప్పరు. పెళ్ళానికి చెప్పరు, కన్నతల్లికి చెప్పరు. ఒకడి గుర్తు ఇంకొకడు అడగడు. నోరు జారితే సముద్రం వింటుందట! స్తమాతిస్‌తో పదకొండేళ్ళు కాపురం చేశాను, ఆయన దేన్ని చూసి ఇంటికొచ్చేవాడో నాకు చెప్పలేదు. చివరికి ఆ రాళ్ళ దగ్గరే పోయాడు. ఏడేళ్ళయింది. ఇందాక నువ్వు తువ్వాలు పరుచుకుని పడుకున్నావే, అక్కడికే కొట్టుకొచ్చాడు.

ఫర్లేదులే. నీకు తెలీదుగా.

చావు జరిగిన ఇంటికి మేము సున్నం వెయ్యం. మీ సలోనికా పట్నంలో ఏం చేస్తారో నాకు తెలీదు. ఒక్క ఏడాది వెయ్యకపోతే చాలు, ఎవరూ ఏమీ అనరు. నేను ఏడేళ్ళు వెయ్యలేదు. పండక్కి ఎర్ర గుడ్లు ఉడకబెట్టలేదు. ఏటా ఊరంతా తెల్లగా మెరుస్తుంటే నా ఇల్లు మాత్రం వానకి తడిసి, నాచు పట్టి, పుచ్చుపన్నులా నల్లగా ఉండేది. ఆడవాళ్ళు మొదట అయ్యో అన్నారు. తర్వాత విసుక్కున్నారు. 'అర్గిరో, నీ దుఃఖం సరేగాని, మా వీధి అందమంతా పాడుచేస్తున్నావే' అంది పక్కింటి మరుసో. ఏడవడానికి కూడా గడువు పెడతారమ్మా జనం!

మొన్న బుధవారం వేశాను సున్నం. రెండు పొద్దులు పట్టింది. మొత్తం ఇల్లంతా, చూరు దాకా. మా అన్న నిచ్చెన తెచ్చి వేసిపెట్టాడు. అదేది, ఆ నిచ్చెనేదీ అంటావా? పై ఊరికి పట్టుకుపోయాడు, చర్చికి దీపాలు కట్టాలని. ఇవాళ గుడ్ ఫ్రైడే కదా. మా రేవు చర్చికి ఫాదరు లేడు, అందరూ అక్కడికే పోయారు, ప్రభువు పాడెకి పూలు కట్టి మోయడానికి. రెండు గంటల నడక. నేను ఎక్కి, వాళ్ళని దింపుకొచ్చేసరికి చీకటి పడిపోతుంది. నేనెందుకు వెళ్ళలేదా? కాలు నొప్పన్నాను. అబద్ధం. పడవ కోసం ఉండిపోయాను.

మధ్యాహ్నం సరాండిస్ తాత కర్ర పొడుచుకుంటూ ఇక్కడికి దిగాడు. ఎనభై రెండేళ్ళ మనిషి, నెలరోజులై మంచం దిగలేదు. పాండెలిస్‌కి సముద్రం నేర్పింది ఆయనే. గాలి చూద్దామని వచ్చాడు. వెనక్కి తిరిగి ఊరికేసి చూసి, 'ఒసే అర్గిరో, నీ ఇల్లేదే?' అన్నాడు.

నాకు నవ్వొచ్చింది. ముసలాయనకి చూపు పోయిందనుకున్నాను. 'అదుగో తాతా, తెల్లగా! ఎంత బావుందో చూడు!' అన్నాను.

ఉన్నవాడు ఉన్నట్టే రాళ్ళ మీద కూలబడిపోయాడు. 'చంపేశావు కదే!' అన్నాడు. 'మన రేవు చర్చి గంట నీ నల్లగోడ నడిమధ్యకి రాగానే చుక్కాని తిప్పుతామే మేము! ఇంత మసకలో తెల్లిళ్ళన్నీ ఒకే ముద్ద. నల్లటిది నీదొక్కటే కనపడేది. వాడు ఇప్పుడు దేన్ని చూసి తిప్పుతాడే?'

నా గోడకి ముందు గుర్తుగా ఏది ఉండేదని అడిగాను. కొండ మీది ముసలి సైప్రస్ చెట్టట. ఏ గాలివానలో అది కూలిందో తెలుసా నీకు? స్తమాతిస్ పోయిన గాలివానలో. ఆ సాయంత్రం ఆయన నీళ్ళ మీద నిలబడి, లేని చెట్టు కోసం వెతుక్కున్నాడన్నమాట. తాగి నడిపాడని ఏడేళ్ళూ అనుకున్నాను నాయనా! మనసులో తిట్టుకున్నాను కూడా!

ఆ తర్వాత నా ఇల్లు నల్లబడింది, వీళ్ళకి గుర్తయింది. నేను ఏడుస్తూ కూర్చుంటే, నా ఏడుపు చూసుకుని వీళ్ళు క్షేమంగా ఒడ్డుకొచ్చారు. ఒక్కడైనా చెప్పాడా? ఊళ్ళో పెద్ద పడవలన్నీ అమ్ముడుపోయి, చివరికి ఆ గుర్తు తెలిసినవాళ్ళు ఇద్దరే మిగిలారు. ఒకడు మంచంలో, ఒకడు సముద్రం మీద. బుధవారం నేను బకెట్టు పట్టుకుంటే వద్దనేవాడు ఎవడుంటాడు?

మంట వెయ్యాలా? వేశాను, చూడు ఆ బూడిద. ఈ గాలికి పొగ లేస్తేగా, పాములా నేల మీద పాకింది. నా నల్లబట్టలన్నీ కిటికీలకి కట్టాను, ఒక్కటీ మిగల్లేదు, అన్నీ గాలికి ఎగిరి కొండ మీదికి పోయాయి. పొయ్యిలో మసి తీసి గోడకి రుద్దాను. ఇవిగో చేతులు. నా చెయ్యి అందిన మేర రుద్దాను, అంతవరకూ చర్చి కప్పు అడ్డమే. సముద్రం మీంచి కనిపించేది పై సగం. అందుకే నిచ్చెన.

ఇంకా ఏంటి చూస్తున్నావు? ఇంకా రెండు గంటలే వెలుతురు!

ఏడేళ్ళు వెయ్యనిదాన్ని ఇప్పుడెందుకు వేశానా? పండగ కదా. అందరూ వేస్తారు కదా. ఏం, నేను వేసుకోకూడదా?

...అలా చూడకు. మీ అమ్మ ఈడుదాన్ని కాకపోయినా దగ్గరదగ్గరగా ఉంటాను. సరే, చెబుతాను, నిచ్చెన పట్టుకుంటానని ఒట్టు వెయ్యి.

పాండెలిస్ అడిగాడు. శీతాకాలమంతా పిండి బస్తా నా గుమ్మంలో దించడం, టోపీ సర్దుకోవడం, వెళ్ళిపోవడం. లోపలికి రాడు. నేను రమ్మనను. పోయిన ఆదివారం మాత్రం బస్తా దించి అక్కడే నిలబడ్డాడు. 'అర్గిరో, నిన్ను నోటితో ఊఁ అనమనను. ఊళ్ళో చెవులెక్కువ. నేను తిరిగొచ్చేసరికి నీ గడప ముందు మెట్టుకి ఒక్క సున్నం గీత గియ్యి చాలు. గీత ఉంటే లోపలికొస్తా. లేకపోతే బస్తా దించి పోతా, ఎప్పట్లాగే. ఇంకెప్పుడూ అడగను' అన్నాడు.

విన్నావా? ఒక్క గీత! మెట్టు అంచుకి, జానెడు గీత! అంతే అడిగాడాయన!

నేను గీత గీశాను. గీసి లేచి చూస్తే మెట్టు తెల్లగా, దాని వెనక ఇల్లు నల్లగా... నాకే సిగ్గేసింది. ఇంత పెద్ద మాటకి ఇంత చిన్న గీతా అనిపించింది. గుమ్మం చుట్టూ వేశాను. తర్వాత గోడకి. తర్వాత చెయ్యి ఆగలేదు నాయనా! పాటలు కూడా పాడాను! సముద్రం మీంచే చూడాలి, ఒడ్డెక్కక ముందే తెలియాలి ఆయనకి అనుకున్నాను. అంత దూరం నుంచే తెలియాలనుకున్నాను!

మంచిదమ్మా, తెలుస్తుంది ఇప్పుడు.

లేచావా? అబ్బ, చల్లగా ఉండు. పద, ఇటు, నాచు మీద కాలెయ్యకు. ఆ కొసన నువ్వు పట్టుకో. బరువుగా ఉంటే చెప్పు, చెప్పినా ఆగను. పై సగం ముందు. పల్చగా వద్దు, ఒకటికి రెండుసార్లు పట్టించు.

ఇంకోటి తెలుసా? ఇది పాత నాచు నలుపు కాదు. తారు, నిగనిగలాడుతుంది. ఆయన ఆ సందు దగ్గర నిలబడి, అంత కొత్త నలుపు చూసి ఏమనుకుంటాడు? అడిగిన పాపానికి ఇంటికి తారు పూసి మరీ కాదందనుకుంటాడు. అనుకోనీ. తిట్టుకోనీ. ఈ రాళ్ళ మీద పడవ లాక్కుంటూ నన్ను బూతులు తిట్టనీ. ఆ తిట్లు వినడానికి ఇవాళ రెండు చేతులూ ఇచ్చేస్తాను.

ఆగు, ఆగు, చుక్కలు కారుతున్నాయి, బకెట్టు ఇటు జరుపు. గోడంతా నీ ఇష్టం. ఈ మెట్టు మీద మాత్రం ఒక్క బొట్టు పడకూడదు. పైకెక్కి వస్తే ఆ తెల్ల గీత చూసుకుంటాడు.

రాకపోతే... డబ్బా అడుగున కాస్త ఉంచు నాయనా. మెట్టుకి నేనే పూసుకుంటాను.