నలభై ఎనిమిది పాఠాలు, ఒక ముసలి కంప్యూటరు

అలా గుడ్లురమకు! పాఠం వీడియోలో నిన్ను అంత అడ్డంగా సాగదీసింది నేను కాదు, మీ స్కూలు కంప్యూటరు. సరే, సగం పాపం నాదే అనుకో. అయినా ఆ సంగతి నీదాకా మోసిందెవరు? మీ తమ్ముడేనా? అనుకున్నా. వాడి కడుపులో ఒక్క మాట దాగదు.

ఆ ఆ ఆ! నోరు మూసుకో పంతులమ్మా! పద్నాలుగు రోజులు గొంతు పెగల్చకూడదని డాక్టరమ్మ చెప్పిందా లేదా? గొంతులో కాయ తీసి ఇవాళ్టికి పదకొండో రోజు. గుసగుసలు కూడా వద్దంది. ఇదిగో పలక. ఏం తిట్టాలనుకున్నా రాసి తిట్టు.

ఏంటీ... "గుమ్మడికాయలా ఉన్నానట"? ఛ, అంతలేదు. పిల్లలు నవ్విన మాట మాత్రం నిజం.

మొదట్నుంచీ చెప్తాను, విను. వినడం తప్ప ఇంకేం చెయ్యలేవు కదా ఇప్పుడు! ఇరవయ్యారేళ్ళ కాపురంలో నేను ఒక వాక్యం మొదలుపెట్టి నేనే ముగించడం ఈ పదకొండు రోజుల్లోనే.

నువ్వు హాస్పిటల్లో ఉండగా మీ హెడ్‌మిస్ట్రెస్ ఫోన్ చేసింది. "ఏడో తరగతికి పరీక్షలు ముంచుకొస్తున్నాయండీ, లెక్కలు చెప్పే దిక్కు లేదు. డ్రాయింగ్ మాస్టారిని పంపిస్తే ఆయన భిన్నాలకి రంగులేయిస్తున్నారు" అంది. పోయినేడాది మీ తమ్ముడు నీ క్లాసులన్నీ ఫోన్లో తీశాడు కదా, స్కూలుకి రాని పిల్లల కోసమని? అందులో భిన్నాల పాఠాలు తెచ్చిపెడితే చూపిస్తానంది. ఇంతేనా, చిటికెలో పని అనుకుని పెన్‌డ్రైవ్‌లో వేసుకుని బయల్దేరా.

మీ లైబ్రరీ గదిలో ఆ కంప్యూటరుందే... దానికి దుప్పటి కప్పి ఉంచారేంటి, జబ్బుమనిషికి కప్పినట్టు? మీట నొక్కి, నేను వెళ్ళి మంచినీళ్ళు తాగి, అటెండరుతో లోకాభిరామాయణం చెప్పుకుని వచ్చినా ఇంకా ఒళ్ళు విరుచుకుంటూనే ఉంది. కొత్తది రేపో మాపో వస్తుందని నాలుగేళ్ళుగా అంటున్నారట.

పాఠం పెట్టా. నువ్వు చెయ్యెత్తావు. అంతే, ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే బిగుసుకుపోయింది. గొంతు మాత్రం గడగడా వెళ్ళిపోతోంది. నీ గొంతు ఆగదు కదా, ఎక్కడున్నా!

గిల్లకు! అబ్బ!

నాకు పట్టుదల వచ్చేసింది. ఎన్ని లిఫ్టులు బాగుచేశానే నేను! రెండంతస్తుల మధ్య ఇరుక్కున్న ఆసాముల్ని చెయ్యిచ్చి పైకి లాగినవాణ్ణి, ఒక పంతులమ్మని కంప్యూటర్లోంచి బయటికి లాగలేనా? మీ తమ్ముణ్ణి పట్టుకున్నా. వాడన్నాడూ, "బావా, ఈ వీడియోలు కొత్త రకంలో ఉన్నాయి. ఆ ముసలిదానికి అరగవు. పాత రకంలోకి మార్చి, బొమ్మ చిన్నది చేసి, మెత్తగా చేసి పెట్టాలి" అని. నాకప్పుడు అర్థమైంది. పళ్ళు లేనివాళ్ళకి అన్నం పిసికి పెట్టడమన్నమాట.

వాడి లాప్‌టాప్ తెచ్చుకుని, అదిగో, ఆ కిటికీ పక్కన కూర్చున్నా. ఒక్కో పాఠం మారడానికి గంటన్నర. ఒక శాతం... రెండు శాతం... బియ్యం ఉడికాయి, బట్టలు ఆరాయి, అది ఇంకా ముప్ఫై దగ్గరే.

మొదటిసారి కొలత తప్పు పెట్టా. అందుకే నువ్వు అడ్డంగా సాగావు. దాన్నే పిల్లలకి వేసేశారు, నేను చూసుకోకముందే. రెండోసారి బొమ్మ బాగానే వచ్చింది కానీ మాట ముందు, చెయ్యి వెనక. నువ్వు "మూడు" అంటావు, బోర్డు మీద ఇంకా రెండు రాస్తుంటావు. ఆఖరికి మూడోసారి కుదిరింది. బొమ్మ అరచేయంత, కాస్త మసగ్గా. అయినా మాటా చెయ్యీ కలిశాయి. ఇవాళ పొద్దున వెళ్ళి చూశా, ఒక్క పిల్లా కదల్లేదు. నువ్వు బోర్డు మీంచి వెనక్కి తిరిగి "ఎవరది, వెనక బెంచీలో?" అనగానే వెనక బెంచీలో ఒకడు సర్దుకుని కూర్చున్నాడు! పోయినేడాది తిట్టు ఈ ఏడాది వాడికి తగిలింది.

నవ్వకు, కుట్లు లాగుతాయేమో. మెల్లగా నవ్వు.

సరిగ్గా మారిందో లేదో తెలియాలంటే మొత్తం చూడాలి కదా. చూశా. అన్నీ చూశా. అప్పుడు దొరికావు! పదకొండో పాఠం. "ఒక లిఫ్టు మెకానిక్ ఆరింటికి ఇంటికొస్తానని చెప్పి తొమ్మిదింటికి వస్తే, వారానికి ఎన్ని గంటలు ఆలస్యం?" ఎవరమ్మా ఆ మెకానిక్? పంతొమ్మిదో పాఠంలో అతను మళ్ళీ వచ్చాడు, నాలుగింట మూడొంతులు కూర ఒక్కడే తినేశాడు. ఇరవై నాలుగులో గొడుగు పోగొట్టుకున్నాడు. పిల్లలు వాడి కోసం ఎదురుచూస్తున్నారే! "టీచర్, ఇవాళ మెకానిక్ లెక్క లేదా?" అని అడుగుతున్నారు. ఊళ్ళో ఏడో తరగతి చదివిన ప్రతివాడూ నన్ను చూసి ఎందుకు మూతి బిగబట్టి నవ్వుతాడో ఇప్పుడు తెలిసింది.

పలక ఇటివ్వు. "గొడుగులు మూడు." ఔను, మూడు. థాంక్స్.

ముప్ఫై ఒకటో పాఠం నుంచి నీ గొంతు మారింది.

ముందు కంప్యూటరు తప్పనుకున్నా. మార్చడంలో పాడుచేశాననుకుని మళ్ళీ మార్చా, గంటన్నర. మళ్ళీ అంతే. మీ తమ్ముడి ఫోన్లో అసలుది పెట్టి విన్నా. అందులోనూ బొంగురే. మధ్యమధ్య ఆగి నీళ్ళు తాగుతున్నావు. ముప్ఫై ఎనిమిదిలో, ముందు వరసలో ఒక పాప అడిగింది చూడు, "టీచర్, మీ గొంతుకేమైంది?" అని. నువ్వు నవ్వి, "మా ఇంట్లోనే ఎవరూ కనిపెట్టలేదు, నువ్వు భలే కనిపెట్టావే!" అన్నావు.

ఇంట్లో ఎవరూ అంటే ఎవరున్నారే? నేనొక్కణ్ణేగా.

మోటారు తిరిగే చప్పుడు విని బేరింగు ఏ మూల అరిగిందో చెప్పేస్తానని అందరి దగ్గరా గొప్పలు పోతాను. పక్కనే కూర్చుని అన్నం తినే మనిషి గొంతు అరుగుతుంటే... పోయినేడాది నుంచీ... వినబడలేదు. అంటే, వినబడుతూనే ఉంది. నేనే వినలేదు.

ఊరుకో, చెయ్యి నొక్కకు. ఇంకోటుంది. చెప్పెయ్యనీ.

మీ హెడ్‌మిస్ట్రెస్ అడిగింది భిన్నాలు. పన్నెండు పాఠాలు. నేను మార్చింది నలభై ఎనిమిది. మిగతా ముప్ఫై ఆరూ స్కూలుకి కాదు. మా వర్క్‌షాప్‌లో స్పేరు పార్టుల జాబితా చూసుకునే కంప్యూటరుందే, మీదానికన్నా ముసలిది, దాని కోసం. మధ్యాహ్నం క్యారేజీ విప్పుకుని ఒకటి పెట్టుకుంటున్నా. నలభై ఎనిమిదేళ్ళొచ్చాక దశాంశాలు నేర్చుకుంటున్నానని మావాళ్ళు ఏడిపిస్తున్నారు.

ఎందుకంటే... ఆపరేషనయ్యాక డాక్టరమ్మ నన్ను పక్కకి పిలిచింది. గొంతు వస్తుందంది. కానీ క్లాసు చివరిదాకా వినబడే ఆ పాత గొంతు రాకపోవచ్చంది. ఇంట్లో మాట్లాడుకోడానికి సరిపోతుందిట. బడికి... సరిపోకపోవచ్చుట. నీకు చెప్పలేదు. కోలుకున్నాక చెబ్దామని రోజూ వాయిదా వేస్తూ వచ్చా. దగ్గర కూర్చుని జోకులేస్తూ, లోపల మాత్రం ఇదొకటి పెట్టుకుని తిరుగుతున్నా. అందుకే ఆ గొంతుని పోగేసుకున్నా. ఏ కంప్యూటరైనా సరే, ఎంత ముసలిదైనా సరే, ఆడాలని.

అదీ సంగతి. ఇప్పుడు తిట్టు. పలకంతా నింపు.

ఏం రాశావు? బలపం అంత గట్టిగా నొక్కితే ఎలా కనబడుతుంది... "నాకు"... "నాకు ముందే తెలుసు."

ఎప్పుడు?

"ఆపరేషన్‌కి ముందే చెప్పింది." నీకా? ఆ కాగితం మీద సంతకం పెట్టినప్పుడా? అన్నీ తెలిసే నన్ను చూసి నవ్వుకుంటూ స్ట్రెచరెక్కావా?

మరి నాకెందుకు... ఏంటీ, అదీ రాశావా? "మీరు తట్టుకోలేరని."

బాగుంది పంతులమ్మా, చాలా బాగుంది! ఈ పదకొండు రోజులూ ఈ బరువు నేనొక్కణ్ణే మోస్తున్నానని, నీకోసం ఒక్క పనైనా సరిగ్గా చేస్తున్నానని, లోలోపల ఎంత మురిసిపోయానో తెలుసా?

ఆ కాస్తా నాకు మిగల్చలేదు కదే!